ఆకలిని ఏడుపనుకున్నాను

మా పాప స్కూల్లో చేరిన మొదటి నెలంతా ఒకటే తంతు. గేటు దగ్గర ఏడుపు లేదు, టీచర్ ఫిర్యాదు లేదు. ఇంటికొచ్చాకే అసలు గొడవ. చెప్పులు విప్పమంటే ఏడుపు, గ్లాసు వేరే రంగుదైతే ఏడుపు. నేనేమో "ఏం నేర్చుకున్నావు? ఎవరితో ఆడావు?" అని వరసగా అడిగేదాన్ని. "ఏమో" తప్ప జవాబుండేది కాదు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టేది కాదు.

నాలుగేళ్ల పిల్ల అన్ని గంటలు కుదురుగా కూర్చుని, కోపం, దిగులు అన్నీ బిగబట్టుకుని వస్తుంది. ఇంట్లో భయం ఉండదు కాబట్టి అక్కడ వదిలేస్తుంది. పైగా నా ప్రశ్నలు ఇంకో పరీక్ష.

ప్రశ్నలు మానేశాను. రాగానే తినడానికి ఏదో ఒకటి, తర్వాత అరగంట ఊరికే ఒళ్లో దొర్లడం. హోంవర్క్ ఆ తర్వాతే (ఆ వయసుకి హోంవర్క్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు).

రాత్రిళ్లు బొమ్మలతో స్కూలాట మొదలుపెట్టాం. తను టీచర్. నాలుగో రోజు ఆటలో ఎలుగుబంటి బొమ్మ తినకుండా కూర్చుంది. ఎందుకని అడిగితే, "దాని డబ్బా మూత రావట్లేదు" అంది.

వెళ్లి డబ్బా చూశాను. తీయడానికి నాకే బలం కావాల్సి వచ్చింది! ఇన్నాళ్లూ తినకుండా తిరిగి తెస్తే ఇష్టం లేక వదిలేసిందనుకున్నాను. సులువుగా తెరుచుకునే డబ్బా కొని, ఇంట్లోనే పదిసార్లు తీయించాను. "టీచర్, మూత తీసిపెట్టండి" అని అడగడం కూడా ఆటలోనే నేర్పాను.

సోమవారాలు ఇంకా కాస్త పేచీ ఉంది. నిన్న మాత్రం పక్క పిల్లాడి డబ్బా మూత తనే తీసిపెట్టిందట. నేను అడక్కుండానే చెప్పింది.