మ్యూజియంలో పాత తుపాకీ కనిపిస్తే ఎక్కడ చూడాలి, ఏం చూడాలి

విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్లినా, హైదరాబాద్ సాలార్‌జంగ్‌లో ఆయుధాల గదికి వెళ్లినా మనవాళ్లు చేసే పని ఒకటే. తుపాకీ ఎంత పొడుగుందో చూసి, మూతి వైపు ఫోను పెట్టి ఒక ఫొటో తీసుకుని ముందుకు నడుస్తారు. మూతిలో చూడటానికి ఏమీ లేదు, అదొక బొక్క. అసలు కథంతా వెనక ఉంటుంది. గొట్టం వెళ్లి చెక్కలో కలిసే చోట, ట్రిగ్గర్ పైన ఒక జానెడు మేర చూడండి. లేబుల్ మీద 'పాత తుపాకీ' అని తప్ప ఏమీ రాయకపోయినా ఆ జానెడు చూసి అది సుమారుగా ఏ కాలానిదో, తుపాకుల్లో ఏ కుటుంబానికి చెందిందో చెప్పేయొచ్చు. అదెలాగో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. పాతకాలం తుపాకీని మూతి నుంచి నింపేవాళ్లు. మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి, ఇదంతా నిలబడి చేయాలి. పడుకుని చేయడమంటే నరకమే. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు ఉంటే గురి బాగా కుదిరేది కానీ గుండు బిగుతుగా ఉండి లోపలికి దిగడానికి ఇంకా ఎక్కువ సేపు పట్టేది. (మన్యంలో పట్టుబడ్డాయని పోలీసులు బల్ల మీద పరిచి చూపించే నాటు తుపాకులు చాలావరకు ఇప్పటికీ ఈ రకమే.) వెనక నుంచి నింపితే ఈ బాధలేవీ ఉండవని ఎవరికైనా తడుతుంది, తట్టింది కూడా. 15వ శతాబ్దంలోనే ఐరోపా ఓడల మీద చిన్న ఫిరంగులకు మందు గది విడిగా ఉండేది, దాన్ని నింపి గొట్టం వెనక పెట్టి ఇనుప చీల కొట్టి బిగించేవాళ్లు. పోర్చుగీసువాళ్లు మన తీరాలకు తెచ్చిన వాటిలో ఇవీ ఉన్నాయి. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర 1537 అని చెక్కిన తుపాకీ ఒకటుండేది, దాని వెనక మూత పైకి లేపి, ముందే నింపి పెట్టుకున్న ఇనుప గుల్లను లోపల పెట్టి మూసేయడమే.

మరి ఆ తర్వాత మూడొందల ఏళ్లు సైన్యాలన్నీ మూతి నుంచే ఎందుకు దట్టించుకుంటూ కూర్చున్నాయి? గ్యాస్ వల్ల. మందు అంటుకోగానే పుట్టే ఒత్తిడి ముందుకే పోవాలని ఏమీ లేదు, సందు ఎక్కడుంటే అటు పోతుంది, వెనక అతుకులో సందుంటే కాల్చేవాడి మొహం మీదికే వస్తుంది. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ పాతబడితే మూత అంచు నుంచి ఆవిరి బుస్సుమని ఎలా తన్నుకొస్తుందో తెలుసుగా, అదే సంగతి, కాకపోతే ఇక్కడ ఆవిరి బదులు మంట. అందుకే నా మటుకు నాకు వెనక నుంచి నింపే తుపాకుల చరిత్రంటే తెరిచే ఉపాయాల చరిత్ర కాదు, మూసే ఉపాయాల చరిత్ర. అద్దం ముందు నిలబడినప్పుడు 'ఇది ఎలా తెరుచుకుంటుంది' అని ఒకసారి, 'గ్యాస్‌ని ఎక్కడ ఆపారు' అని రెండుసార్లు అడగండి.

ఇక పనిలోకి దిగుదాం. మొదట అది వెనక తెరుచుకునే రకమా కాదా తేల్చాలి. చాలామంది గొట్టం కింద కడ్డీ ఉందా అని చూసి, ఉంటే ముందు నుంచి నింపేదే అని తీర్మానించేస్తారు. ఇది నమ్మకండి. వెనక తెరుచుకునే తుపాకులకీ కింద కడ్డీ ఉంచేవాళ్లు, శుభ్రం చేసుకోవడానికి. పక్కన సుత్తి ఉందని కూడా మోసపోవద్దు. మీరు వెతకాల్సింది అతుకు. గొట్టం వెనక భాగంలో ఎక్కడైనా సన్నని గీత, మడత బందు, పిడి, మీట కనిపిస్తున్నాయా? ఏమీ లేకుండా గొట్టం చివరిదాకా ఒకే ఇనుముగా వెళ్లిందంటే మూతి నుంచి నింపేది, అక్కడితో సరి. కొండపల్లి కోట 1766లో ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లిన నాటికి రెండు వైపులా సైనికుల చేతుల్లో ఉన్నవి ఇలాంటివే.

అతుకు దొరికిందనుకోండి. అది ఎటు కదులుతుందో ఊహించండి. కుటుంబాన్ని తేల్చేది ఈ దిక్కే.

కిందికి మర తిప్పితే దిగేది అయితే, పైన గొట్టం మీద గుండ్రటి రంధ్రం, కింద ట్రిగ్గర్ కాపుకు పిడి కనిపిస్తాయి. దీన్ని మెరుగుపరిచిన స్కాట్లండ్ సైనికాధికారి పాట్రిక్ ఫెర్గూసన్ 1776లో పేటెంట్ తీసుకున్నాడు. మర ఆలోచన అంతకుముందే ఫ్రాన్సు నుంచి వచ్చిన ఐజాక్ ద లా షొమెట్‌ది. కానీ ఫెర్గూసన్ మర చుట్లను బాగా వాలుగా, ఒకదాని పక్కన ఒకటి చాలా చుట్లు పెట్టి కోయించాడు, అందుకని పిడిని ఒక్క చుట్టు తిప్పితే చాలు, రంధ్రం తెరుచుకుంటుంది. గుండు వేసి, మందు పోసి, మళ్లీ ఒక్క చుట్టు తిప్పితే మూత పడినట్టే. లండన్ దగ్గర ఉలిచ్‌లో అధికారుల ముందు వానలో నిలబడి నిమిషానికి నాలుగు నుంచి ఆరు సార్లు కాల్చి చూపించాడు, అప్పట్లో వానలో మామూలు తుపాకీ పేలడమే గొప్ప. గ్యాస్‌ని మర చుట్లే ఆపుతాయి, బాగానే ఆపుతాయి. చిక్కేమిటంటే తుపాకీ మందు మసి ఆ చుట్లలో పేరుకుపోయి బిగుసుకునేది, కొవ్వూ మైనమూ పూస్తూ ఉండాలి. పైగా అంత సన్నగా మర కోయడం ఖరీదైన పని. సుమారు వంద మాత్రమే తయారయ్యాయి, అమెరికా యుద్ధంలో 1777లో బ్రాండీవైన్ దగ్గర ఆయనకే మోచేతికి గాయమైంది, 1780లో కింగ్స్ మౌంటెన్ దగ్గర చనిపోయాడు. మన దగ్గర ఇది చూసే అవకాశం దాదాపు లేదు, అయినా మూయడం ఎంత కష్టమో తెలియాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు కాబట్టి చెప్పాను.

మందు గది ముందు భాగం పైకి లేచే రకం అమెరికావాడు జాన్ హాల్‌ది, 1811 పేటెంట్, 1819లో సైన్యం తీసుకుంది. ఒకదాని భాగాలు ఇంకోదానికి సరిపోయేలా హార్పర్స్ ఫెర్రీలో తయారు చేయించాడు, ఫ్యాక్టరీల చరిత్రలో ఆయన పేరు అందుకే వస్తుంది. గ్యాస్ మాత్రం అతుకులోంచి పోయేది. మీట లాగితే దిమ్మ నిట్టనిలువుగా కిందికి జారే రకం క్రిస్టియన్ షార్ప్స్‌ది, 1848. దిమ్మ పైకి వచ్చేటప్పుడు దాని పదునైన అంచు కాగితపు తూటా తోకను కోసేస్తుంది, మందు బయటపడుతుంది. ఆలోచన చక్కగా ఉంది కానీ అక్కడా పైకి మంట చిమ్మడం పూర్తిగా పోలేదు.

తలుపు గడియలా వెనక్కి లాగే పిడి ఒకటి పక్కకో పైకో పొడుచుకొచ్చి ఉంటే అది బోల్టు. ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. దీన్ని సైన్యంలోకి తెచ్చింది ప్రష్యాకి (అప్పటి జర్మన్ రాజ్యం) చెందిన డ్రైజె, ఆయన కుర్రతనంలో పారిస్‌లో పావులీ అనే స్విస్ పనివాడి దగ్గర పనిచేశాడు. ఆ పావులీ 1812లోనే ఇత్తడి అడుగున్న, నిప్పూ మందూ గుండూ ఒకటిగా కలిసిన తూటాకి పేటెంట్ తీసుకున్నాడు, కాలానికంటే బాగా ముందున్న మనిషి. డ్రైజె తుపాకీలో పొడవాటి సూది కాగితపు తూటాని పొడుచుకుంటూ మందు మొత్తం దాటి వెళ్లి గుండు అడుగున ఉన్న, నిప్పు పుట్టించే మసాలాని తాకుతుంది. సూది ప్రతిసారీ మంటలో ఉండటంతో త్వరగా పాడయ్యేది, అతుకు దగ్గర గ్యాస్ కారేది, మొహానికి దూరంగా నడుం దగ్గర పెట్టి కాల్చిన సైనికులూ ఉన్నారు. అయినా 1866లో కోనిగ్రాట్జ్ దగ్గర ఆస్ట్రియన్లు నిలబడి కడ్డీతో దట్టిస్తుంటే ప్రష్యన్లు పడుకుని వాళ్లకంటే ఎన్నో రెట్లు వేగంగా కాల్చారు. దాంతో ఐరోపాలో ప్రతి సైన్యానికీ టెన్షన్ పట్టుకుంది. ఫ్రెంచివాళ్లు అదే ఏడాది షాస్‌పో తుపాకీ తీసుకున్నారు, బోల్టు కొనకి రబ్బరు ఉంగరం తొడిగారు, ఒత్తిడికి ఉంగరం నొక్కుకుని సందు మూసేస్తుంది. అక్షరాలా గాస్కెట్. అది కూడా కాలేది, పగిలేది, మార్చుకోవాలి.

ఇక మన దేశంలో చూసే అవకాశం ఎక్కువున్నవి రెండు, వాటి దగ్గర తీరిగ్గా నిలబడండి.

మొదటిది స్నైడర్. 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ జరిగిన ఎన్‌ఫీల్డ్ గురించి బడిలో చదివాం కదా, అది 1853 నమూనా, మూతి నుంచి నింపేది. కృష్ణ మీద బెజవాడ పాత ఆనకట్ట పూర్తయిన 1855 నాటికి సరికొత్త ఆయుధం. 1866కల్లా అది పాతబడిపోయింది, లక్షల కొద్దీ తుపాకుల్ని పారేయలేరు, అందుకని అమెరికావాడు జేకబ్ స్నైడర్ చెప్పిన పద్ధతిలో గొట్టం వెనక ముక్క కోసేసి, అక్కడ కుడి వైపుకి తెరుచుకునే దిమ్మ బిగించారు. కాబట్టి సుత్తీ కడ్డీ అన్నీ పాత ఎన్‌ఫీల్డ్‌లాగే ఉంటాయి, దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికెళ్లి పైనుంచి చూస్తే కుడి పక్కన బందు కనిపిస్తుంది, సుత్తి కొట్టే చోటు నుంచి దిమ్మలోకి ఏటవాలుగా మేకు దిగుతుంది. దిమ్మ తెరిచి వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటికి జరుగుతుంది, తుపాకీని బోర్లిస్తే కింద పడుతుంది.

బందు ఇంత సాదాగా ఉన్నా గ్యాస్ కారదు. ఎందుకంటే ఆపే పని తుపాకీ చేయడం లేదు. కర్నల్ బాక్సర్ తయారు చేసిన పల్చటి ఇత్తడి తూటా పేలగానే ఉబ్బి గది గోడకి అతుక్కుని సందు మూసేస్తుంది, ఒత్తిడి తగ్గగానే కొంచెం ముడుచుకుంటుంది, బయటికి లాగేయొచ్చు. ప్రతి వంటకీ కొత్త గాస్కెట్ అన్నమాట. మూడొందల ఏళ్లు తుపాకీలో వెతికిన జవాబు చివరికి తూటాలో దొరికింది. ఇది దొరికాక తెరిచే పద్ధతి ఏదైనా ఫరవాలేదు, అందుకే 1860ల తర్వాత రకరకాల పద్ధతులు పుట్టగొడుగుల్లా వచ్చాయి.

రెండోది మార్టినీ హెన్రీ, 1871. బయట సుత్తి ఉండదు, ట్రిగ్గర్ వెనక పొడవాటి మీట, కుడి పక్కన చిన్న నీటిబొట్టు ఆకారంలో ఒక సూచిక, లోపల సిద్ధంగా ఉందో లేదో చెప్పడానికి. మీట దించితే దిమ్మ వెనక బిగించిన చోటే తిరుగుతూ ముందు కొన దిగుతుంది. చూడటానికి ఎంత అందమో, సూడాన్ ఎండలో అంత ఏడిపించింది, చుట్టిన ఇత్తడి రేకు తూటాలు వేడికి గదిలో ఇరుక్కుపోయేవి. 1857 భయంతో తెల్ల సైనికులకి మార్టినీ ఇచ్చినప్పుడు మన సిపాయిలకి స్నైడర్ ఇచ్చారు, ఎప్పుడూ ఒక తరం వెనక ఉంచడం వాళ్ల పద్ధతి. బాపు మ్యూజియం భవనానికి విక్టోరియా జూబిలీ పేరుతో పునాది వేసిన 1887లో బ్రిటిష్ సైన్యం చేతిలో ఇంకా మార్టినీయే ఉంది, మరుసటి ఏడాదే లీ మెట్‌ఫర్డ్ అనే బోల్టు రైఫిల్ వచ్చేసింది.

గొట్టమే మధ్యకి విరిగి వంగే రకం మీరు రోజూ చూస్తారు. గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో బ్యాంకు గేటు దగ్గర గార్డు చేతిలో ఉండే పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, లైసెన్సులో డీబీబీఎల్ అని రాస్తారు, చివరి బీఎల్ అంటే బ్రీచ్ లోడింగే, వెనక నుంచి నింపేదని అర్థం. ఈ పద్ధతిని 1830లలో పారిస్‌లో లెఫోషో వాడుకలోకి తెచ్చాడు. పాతవాటిలో గొట్టం వెనక అంచు మీద పైన చిన్న గాటు ఉంటే, అది తూటాకి మేకు పొడుచుకొచ్చే రకం, సుత్తి ఆ మేకు మీద పడేది.

ముద్రలు కూడా చదవండి, కానీ ఆఖర్న. తాళం పలక (సుత్తి బిగించి ఉండే పక్క రేకు) మీద 1860 అని ఉండి వెనక స్నైడర్ దిమ్మ ఉంటే తేదీ తప్పు కాదు, పలక పాతది, దిమ్మ తర్వాతది. మార్టినీకి కుడి పక్కన కిరీటం, వీఆర్ (విక్టోరియా రాణి గుర్తు), ఏడాది ఉంటాయి. అక్షరాలు తిరగబడి ఉంటే, ముఖ్యంగా ఇంగ్లీషు ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు ఉంటే, అది ఖైబర్ కనుమ వైపు చేత్తో చేసిన నకలు. ఫొటోలు తీస్తే కుడి పక్క నుంచి తీయండి, యంత్రమంతా అటే ఉంటుంది, తర్వాత పైనుంచి ఒకటి, మీట కనిపించేలా కింద నుంచి ఒకటి. ఫ్లాష్ ఆపి, ఫోనుని అద్దానికి ఆనించి కొంచెం ఏటవాలుగా పెడితే మీ మొహం పడదు.

ఇంట్లో అటక మీద తాతల నాటిది దొరికిందంటే మాత్రం ఈ జ్ఞానమంతా పక్కన పెట్టండి. తెరవొద్దు, సుత్తి లాగొద్దు. మూతి నుంచి నింపే తుపాకీలో ఎప్పుడో దట్టించిన మందు ఇంకా ఉండొచ్చు, ఆ మందు పొడిగా ఉంటే ఏళ్ల తరబడి పాడవదు. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ పురాతన, వాడుకకి పనికిరాని ఆయుధాలకి మినహాయింపు ఇస్తుంది కానీ, మరమ్మతు చేసినా పేలనిదై ఉండాలి, అది మీరు తేల్చేది కాదు. స్టేషన్‌కి ఫోన్ చేసి విషయం చెప్పి, వాళ్లు ఏం చేయమంటే అది చేయండి. వాళ్లకి చూపించాలని గోనెసంచిలో చుట్టి మీరే సిటీ బస్సెక్కించి తీసుకెళ్లకండి.