ఉరిశిక్ష ఉండాలా వద్దా: మీ అభిప్రాయాన్ని మీరే పరీక్షించుకోవడం ఎలా

ఎక్కడో ఒక ఘోరమైన హత్య జరుగుతుంది. ఆ రోజంతా ఫోన్ నిండా ఒకటే మాట, వాణ్ణి ఉరితీయాల్సిందే అని. ఎవరో ఒకరు ధైర్యం చేసి మరణశిక్ష తప్పు అంటారు, మీ ఇంట్లో జరిగితే ఇలాగే అంటావా అని ఇంకొకరు లేస్తారు, ఇక అక్కడ చర్చ అయిపోయి తిట్లు మొదలవుతాయి. మీరు ఏ పక్షమైనా సరే, మీ అభిప్రాయం కోపం చల్లారాక కూడా నిలబడుతుందో లేదో చూసుకునే పద్ధతి ఒకటి ఉంది. నేను వద్దనే పక్షం. ముందే చెప్పేస్తున్నాను, దాన్ని లెక్కలో పెట్టుకుని చదవండి.

మొదట ప్రశ్నను రెండుగా విడదీయండి. హత్య చేసినవాడు చావుకి తగినవాడేనా అన్నది ఒకటి. వాణ్ణి చంపే అధికారం ప్రభుత్వం చేతిలో పెట్టొచ్చా అన్నది రెండోది. గొడవంతా ఎక్కడ వస్తుందంటే, ఒకరు మొదటిదానికి జవాబు చెప్తుంటే ఇంకొకరు రెండోదానికి చెప్తుంటారు, ఇద్దరూ ఒకే విషయం మాట్లాడుతున్నాం అనుకుంటారు. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పొచ్చు, అందులో తిరకాసేమీ లేదు. నా జవాబు దాదాపు అదే.

మొదటి ప్రశ్న నుంచి పారిపోకండి. ఉరి వద్దనేవాళ్లు ఎక్కువగా చేసే పని ఇదే, నేరస్తుడి బాల్యం, పేదరికం అని మాట మార్చేస్తారు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఒక ద్వీపంలో ఉన్న జనం అంతా ఆ సమాజాన్ని రద్దు చేసుకుని తలో దిక్కూ వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నారు. జైల్లో ఒక హంతకుడు మిగిలి ఉన్నాడు. వెళ్లే ముందు వాణ్ణి చంపే వెళ్లాలంటాడు కాంట్. ఇక అక్కడ భయపెట్టాల్సిన వాళ్లు లేరు, కాపాడాల్సిన వాళ్లూ లేరు, శిక్ష మాత్రమే మిగిలింది. ఇది చదివి మీకు న్యాయంగానే అనిపించిందా? అయితే మీకు కావాల్సింది ప్రతిఫలం, అంటే చేసినదానికి తగిన శిక్ష, సమాజ భద్రత కాదు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చేసినదానికి మనిషే బాధ్యుడని ఒప్పుకోవడం కూడా అతన్ని గౌరవించడమే.

ఇప్పుడు ఆ ప్రతిఫలాన్ని ఎంతవరకు లాగగలరో చూడండి. పదిమందిని చంపినవాణ్ణి పదిసార్లు చంపలేం. చిత్రహింసలు పెట్టి చంపినవాణ్ణి చిత్రహింసలు పెట్టమని కోర్టుకి చెప్పలేం, చెప్పమని మీరూ అడగరు. అంటే కన్నుకు కన్ను అన్న లెక్కని మనం ఇప్పటికే వదిలేశాం, ఒకచోట ఆగాం. అతి పెద్ద నేరానికి, మనం వేయగలిగిన శిక్షల్లో అతి పెద్దది వేయాలి అన్నదే మిగిలిన సూత్రం. ఆ పెద్దది ఉరి కావాలా, జీవితాంతం జైలు కావాలా అన్నది ఆ సూత్రం చెప్పదు, మనమే తేల్చుకోవాలి.

ఉరి వద్దనే మా పక్షం నినాదాన్నీ వదలొద్దు. చంపడం తప్పయితే ప్రభుత్వం చంపడమూ తప్పే కదా అంటారు. ఇది తేలిపోయే మాట. ఒక మనిషిని గదిలో బంధించడం నేరం, జైలు మాత్రం నేరం కాదు. ఇంతకంటే గట్టి మాట ఒకటుంది. కత్తి ఎత్తి మీదకొస్తున్నవాణ్ణి చంపడం ఆత్మరక్షణ. అదే మనిషి చేతులకు బేడీలతో, నాలుగు గోడల మధ్య, ఎవరికీ హాని చేయలేని స్థితిలో ఉన్నప్పుడు, తేదీ పెట్టుకుని, డాక్టర్‌ని పక్కన నిలబెట్టుకుని చంపడానికి ఆ కారణం పనికిరాదు. వేరే కారణం చూపించాలి.

ఆ వేరే కారణం సాధారణంగా భయం. ఉరి ఉంటే హంతకులు జంకుతారని. దీనికి ఎక్కువ సమయం పెట్టకండి. 1975లో ఐజాక్ ఎర్లిక్ అనే ఆర్థికవేత్త, అమెరికా లెక్కలు తీసి, ఒక్కో మరణశిక్ష అమలు ఏడెనిమిది హత్యల్ని ఆపి ఉండొచ్చన్నాడు. అవే లెక్కలు పట్టుకుని వేరేవాళ్లు అలాంటిదేమీ లేదన్నారు. చివరికి 2012లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అనే పరిశోధన సంస్థ, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని ఎటువైపూ ఆధారంగా వాడొద్దని తేల్చేసింది. కాబట్టి మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి. ఉరి వల్ల ఒక్క హత్య కూడా ఆగదని రుజువైతే, అప్పుడూ ఉరి కావాలంటారా? అవునంటే మీ కారణం భయం కాదు, ఆ వాదన పక్కన పెట్టేయండి. వద్దనేవాళ్లూ తిప్పి వేసుకోండి: నిజంగా ప్రాణాలు కాపాడుతుందని తేలితే ఒప్పుకుంటారా?

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ సిద్ధాంతాలు పక్కన పెట్టి ఒక్క కేసు పూర్తిగా చదవండి. నేనైతే ఇవావో హకమాడ కేసు చదవమంటాను. జపాన్‌లో, 1966లో, సోయా గింజల్ని పులియబెట్టి మిసో అనే ముద్ద తయారుచేసే ఒక కంపెనీ అధికారి, భార్య, ఇద్దరు పిల్లలు హత్యకు గురయ్యారు. అక్కడే పనిచేసే హకమాడ, ఒకప్పటి బాక్సర్, అరెస్టయ్యాడు. రోజుకి గంటల తరబడి, దాదాపు మూడు వారాలు ప్రశ్నించాక నేరం ఒప్పుకున్నాడు, కోర్టులో కాదన్నాడు. హత్య జరిగిన ఏడాది దాటాక, మిసో తొట్టిలోంచి రక్తం మరకలున్న బట్టలు బయటికొచ్చాయి. ఆ ప్యాంటు అతని తొడలు దాటి పైకి ఎక్కలేదు. మిసోలో నాని బిగుసుకుపోయి ఉంటుందన్నారు. ఏడాది పైగా మిసోలో ఉన్న రక్తం ఇంకా ఎర్రగా ఎలా ఉందని అడగడానికి దశాబ్దాలు పట్టింది. 1968లో మరణశిక్ష వేసిన ముగ్గురు జడ్జీల్లో ఒకాయన, అతను నిర్దోషి అనే తను అనుకున్నానని 2007లో బయటపెట్టాడు. అప్పట్లో మిగతా ఇద్దరి మాటే నెగ్గింది, తీర్పు రాసింది మాత్రం ఈయనే. 2014లో హకమాడ బయటికొచ్చాడు, 2024లో సాక్ష్యాలు కల్పించినవని చెప్పి కోర్టు నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతనికి 88 ఏళ్లు. జపాన్‌లో ఉరి సంగతి ఖైదీకి ఆ రోజు ఉదయమే చెప్తారు. అంటే శిక్ష ఖరారైన 1980 నుంచి ప్రతి తెల్లవారూ అతనికి చివరిది అయ్యే అవకాశం ఉంది. మతి స్థిమితం దెబ్బతిన్నదంటే వింతేముంది.

నిర్దోషిని 47 ఏళ్లు జైల్లో పెట్టడం కూడా వెనక్కి ఇవ్వలేనిదే కదా అని అడగొచ్చు. నిజమే, ఎవరూ ఇవ్వలేరు. కానీ హకమాడ బతికి బయటికైనా వచ్చాడు, తిమోతీ ఎవాన్స్‌కి ఆ మాత్రం కూడా దక్కలేదు. కూతుర్ని చంపాడని 1950లో లండన్‌లో ఉరితీశారు. అతని మీద సాక్ష్యం చెప్పిన, అదే ఇంట్లో కింద ఉండే జాన్ క్రిస్టీయే వరస హంతకుడని మూడేళ్లకి తెలిసింది. ఎవాన్స్‌కి 1966లో క్షమాభిక్ష ఇచ్చారు, చచ్చిపోయిన పదహారేళ్లకి. పక్కా రుజువు ఉన్న కేసుల్లోనే ఉరి వేద్దాం అనేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ రెండూ ఆ రోజున పక్కా కేసులే, రెండింట్లోనూ నేరం ఒప్పుకున్న వాంగ్మూలం ఉంది.

మీ ఇంట్లో జరిగితే అన్న ప్రశ్నకి అబద్ధం చెప్పకండి. నా ఇంట్లో జరిగితే వాణ్ణి చంపాలనే ఉంటుంది నాకు. అందుకే కదా బాధితుడి తండ్రిని ఆ కేసులో జడ్జిగా కూర్చోబెట్టం. ఇరాన్ చట్టంలో హత్యకి గురైనవాళ్ల కుటుంబం ఉరికంబం దగ్గర కూడా క్షమించొచ్చు, క్షమించకపోవచ్చు. దీనివల్ల కొన్ని ప్రాణాలు దక్కుతాయి కూడా, కానీ ఒకే నేరానికి ఒకడు బతికి ఒకడు చావడం ఎవరి గుండె ఎలాంటిదన్న దాని మీద ఆధారపడుతుంది. ఇంకో మాట, చర్చలో నిజంగానే మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉంటే వాదన ఆపేయండి. అక్కడ గెలవడానికి ఏమీ లేదు.

చివరగా, మీ అభిప్రాయానికి అన్నిటికంటే ఇబ్బంది పెట్టే కేసు ఒకటి వెతికి పట్టుకోండి. ఉరి కావాలనేవాళ్లకి హకమాడ ఉన్నాడు. నాకు ఐఖ్‌మన్ ఉన్నాడు. లక్షల మందిని మరణ శిబిరాలకి తరలించిన ఆ నాజీ అధికారిని ఇజ్రాయెల్ 1962లో ఉరితీసింది. అక్కడ ఒకరికి బదులు ఇంకొకర్ని పట్టుకున్నారన్న అనుమానం లేదు, దొంగ సాక్ష్యం లేదు, పొరపాటు జరుగుతుందన్న నా పెద్ద వాదన అక్కడ పనిచేయదు. బేడీల్లో ఉన్నవాణ్ణి చంపడం గురించి పైన చెప్పిన మాట ఒక్కటే మిగులుతుంది, అది ఒక్కటే సరిపోతుందని ఐఖ్‌మన్ విషయంలో గట్టిగా చెప్పలేను. మీ కేసు దొరికాక, ఈసారి వాదనలోకి దిగినప్పుడు దాన్ని మీరే ముందు బయటపెట్టండి, అవతలివాళ్లు ఎత్తేదాకా ఆగకుండా.