తుపానులో విశాఖ వంటిల్లు: కరెంటు, గ్యాసు, నీళ్ళు మొరాయిస్తే ఏం చేయాలి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా విశాఖకు తుపాను కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరం దగ్గరే తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేక మోటార్లు తిరగలేదు, మోటార్లు తిరగక కుళాయిలు రాలేదు. అలాంటప్పుడు ఇంట్లో సరుకు ఉన్నా, ఏది ముందు వాడాలో తెలియక సగం పారబోసేవాళ్ళే ఎక్కువ. ముందు ఫ్రిజ్‌లోవి, తర్వాత ఫ్రీజర్‌లోవి, ఆఖరుకు డబ్బాల్లోవి వాడాలి. ఈ వరుస తప్పకూడదు. ఇంకో సంగతి: పదార్థం పాడైందో లేదో వాసన చూసి తేల్చకండి, గంటలు లెక్కపెట్టి తేల్చండి. జబ్బు చేసే సూక్ష్మజీవులు చాలాసార్లు వాసనా మార్చవు, రుచీ మార్చవు.

కరెంటు పోయి ఐదారు గంటలైంది, ఫ్రిజ్‌లోవి తినొచ్చా?

తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. తీసిన ప్రతిసారీ బయటి ఉక్క గాలి లోపలికి వెళ్ళి ఆ వ్యవధి తగ్గిపోతుంది. 5 డిగ్రీలు దాటి 60 డిగ్రీల లోపు ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. తుపాను ముందు విశాఖలో ఉండే ఉక్కపోతకు ఆ పెరుగుదల మరీ జోరు.

కరెంటు పోయిన వెంటనే ఆ టైము ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఇంట్లో అందరూ అది చూసే తలుపు మీద చెయ్యి వేయాలి. నాలుగు గంటలు నిండుతుండగా ఒక్కసారే తెరిచి పాలు, మాంసం, వండిన కూరలు, పనీరు, కొబ్బరి కోరు, కోసిన పళ్ళు బయటికి తీయండి. వండాల్సినవి వెంటనే వండి, తినాల్సినవి తినేయండి. అప్పటికే 4 గంటలు దాటిపోయి, లోపల చేతికి చల్లగా తగలకపోతే మాంసం, చేప, వండిన కూర, కొబ్బరి పచ్చడి పారేయడమే మేలు. మళ్ళీ మరిగిస్తే సరిపోతుంది కదా అనుకోవద్దు. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం మరిగించినా పోదు.

ఆవకాయ, నెయ్యి, టమాటా సాసు, నిమ్మకాయలు, కోయని కూరగాయల గురించి కంగారు లేదు. అల్లంవెల్లుల్లి ముద్దను మాత్రం మిగతావాటితో పాటే వాడేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లకు పైన చెమట పడుతుంది, ఆ తడితో పెంకు మీది మురికి లోపలికి దిగుతుంది కాబట్టి వాటిని ఒకటి రెండు రోజుల్లో బాగా ఉడికించి తినండి.

ఫ్రీజర్‌లో ఐసు కరిగింది, చేప మెత్తబడింది

విడి తలుపున్న ఫ్రీజర్ నిండుగా ఉంటే సుమారు 48 గంటలు, సగం నిండి ఉంటే 24 గంటలు నిలుస్తుంది. ఒకే తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఫ్రీజర్‌కు ఈ లెక్క పనికిరాదు. అది ఒక రోజు కూడా ఆగదు.

హెచ్చరిక వినగానే నీళ్ళ సీసాలను ముప్పావు వంతు నింపి (పూర్తిగా నింపితే గడ్డకట్టినప్పుడు పగులుతాయి) ఫ్రీజర్‌లో ఉన్న ఖాళీ అంతా వాటితో కప్పేయండి. ఒక గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, ఆ గడ్డ మీద రూపాయి బిళ్ళ పెట్టండి. ఊరు విడిచి వెళ్ళి తిరిగొచ్చాక చూస్తే బిళ్ళ పైనే ఉంటే లోపల కరగలేదన్నమాట. అడుగున ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టింది. ఆ ఫ్రీజర్‌లోని మాంసం, చేప చూడ్డానికి ఎంత గట్టిగా ఉన్నా తినకండి.

ముక్కల మధ్య ఇంకా ఐసు పలుకులు కనిపిస్తుంటే వండుకోవచ్చు, కరెంటు వస్తే మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు కూడా. పూర్తిగా కరిగి మామూలు వేడికి వచ్చేసిన చేపతో ఆటలొద్దు. వంజరం, కానాగంతలు, కవ్వళ్ళు, ట్యూనా లాంటివి చల్లదనం తప్పితే వాటి కండలో హిస్టమిన్ పేరుకుంటుంది. వేయించినా, పులుసు పెట్టినా అది పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి.

ఫిషింగ్ హార్బరు దగ్గర దొరికే ఐసు చేపల కోసం చేసింది. దాన్ని తొట్టిలో పోసి, మూత బిగించిన గిన్నెల చుట్టూ పేర్చడానికి వాడుకోండి, తాగే నీళ్ళలో, మజ్జిగలో మాత్రం వేయొద్దు.

పొద్దున్న అన్నం సాయంత్రానికి జిగురొచ్చింది

బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి విత్తనాల్లాంటి రూపంలో ఉడుకుకు కూడా తట్టుకుని, అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మళ్ళీ మొలకెత్తి విషం వదులుతుంది. పెద్ద గిన్నెలో మూతపెట్టి వదిలేసిన అన్నం నడిమధ్యన గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది కాబట్టి ముందు అక్కడే పాడవుతుంది. పైన మెతుకు పొడిగా, బాగానే కనిపిస్తుంది. గరిటె లోతుగా దింపి మధ్యలోంచి తీసి చూడండి: మెతుకులు ఒకదానికొకటి అంటుకుని, తీగలు సాగితే మొత్తం పారేయాల్సిందే.

కరెంటు లేని రోజుల్లో ఒక పూటకు సరిపడానే వండండి. ముగ్గురు నలుగురికి ఒక కుక్కరు, అంతే. అయినా మిగిలితే గంటలోపే వెడల్పాటి పళ్ళెంలో పలచగా ఆరబోసి, చల్లారాక పుల్లటి పెరుగు, ఉప్పు కలిపి, మరిగించి చల్లార్చిన నీళ్ళు పోసి మట్టికుండలోనో గాజుగిన్నెలోనో పెట్టండి. పులుపు ఆ సూక్ష్మజీవిని అదుపులో ఉంచుతుంది. పొద్దున్నే తినేయండి, మధ్యాహ్నం దాకా దాచొద్దు. ఒకరోజు ఆగాలనుకుంటే చింతపండు పులిహోర మేలు, నిమ్మకాయ పులిహోర అంతసేపు ఆగదు. చింతపండు గుజ్జు నీరు ఇంకి నూనె తేలేదాకా ఉడికించి ఒక సీసాలో పెట్టుకుంటే ఏ పూటకా పూట వేడన్నంలో కలుపుకోవచ్చు.

పాలు విరిగిపోతున్నాయి

ప్యాకెట్ పాలు చల్లదనంలోనే నిలుస్తాయి. దుకాణంలోనే ఫ్రిజ్ ఆగిపోయి ఉంటే ఇంటికొచ్చేసరికే సగం పాడై ఉంటాయి. తెచ్చిన వెంటనే పొంగించి, మూడు నాలుగు గంటలకోసారి మళ్ళీ పొంగించండి. సాయంత్రానికి మిగిలినవాటిని తోడుపెట్టేయండి. పాలకన్నా పెరుగు ఆగుతుంది. నిమ్మరసం వేసి మనం విరిచిన పాలు వేరు, వాటంతటవి విరిగి పుల్లటి వాసనొచ్చే పాలు వేరు. రెండోవి పిల్లలకు పెట్టకండి.

తుపాను కోసం నాలుగైదు టెట్రా ప్యాకెట్ల పాలు కొనిపెట్టుకోండి, తెరవనంతకాలం ఫ్రిజ్ అక్కర్లేదు. తెరిచాక అవీ మామూలు పాలే. పాలపొడి అయితే లీటరు నీళ్ళకు సుమారు 125 గ్రాములు, అప్పటికి కావాల్సినంతే కలపండి.

స్టవ్ మంట పసుపుగా వస్తోంది, గిన్నెలు మసి పడుతున్నాయి

సముద్రం గాలికి బర్నరు త్వరగా తుప్పు పడుతుంది. చినుకులు పడ్డా, పాలు పొంగినా రంధ్రాలు మూసుకుంటాయి. గ్యాసుకు తగినంత గాలి కలవకపోతే మంట పసుపుగా మారుతుంది. రెగ్యులేటరు ఆపి, బర్నరు చల్లారాక తీసి, సన్నటి సూదితో ఒక్కో రంధ్రం పొడిచి, పొడిగుడ్డతో తుడిచి బిగించండి. తడి మీద పెడితే మళ్ళీ పసుపు మంటే. స్టవ్‌కు ఉన్న ఆటోమేటిక్ లైటరు కరెంటు మీదో బ్యాటరీ మీదో నడిచేదైతే మొరాయించొచ్చు కాబట్టి అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోవాలి.

మంట చిన్నదై, నీలంగానే ఉంటే సిలిండరు అడుగంటుతోందేమో. తడిగుడ్డతో సిలిండరును పైనుంచి కిందకి ఒక పట్టీలా తుడిచి రెండు నిమిషాలు చూడండి. పైభాగం ముందు ఆరిపోతుంది, లోపల గ్యాసు ఉన్నంత ఎత్తు తడిగా మిగులుతుంది. అడుగంటిన సిలిండరును పడుకోబెట్టడం, వేడినీళ్ళు పోయడం ప్రమాదం.

గ్యాసు వాసన వస్తోంది

తుపానులో తలుపులన్నీ బిడాయించుకుని ఉంటాం కాబట్టి ఇది అన్నిటికన్నా ముఖ్యం. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. స్టవ్ ఆపి, రెగ్యులేటరు ఆపండి. స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. గాలి కొట్టని వైపు తలుపు, కిటికీ తెరవండి. రెగ్యులేటరు ఆపాక కూడా వాసన వస్తుంటే దాన్ని తీసేసి, దారం కట్టి ఉండే తెల్ల మూతను వాల్వుకు బిగించి, అందరూ బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

ఎక్కువసార్లు లీకు వాల్వులోని చిన్న రబ్బరు వాషరు పగలడం వల్లో, పైపు చివర వదులవడం వల్లో వస్తుంది. సబ్బు నురగ రాసి చూస్తే బుడగలు వస్తాయి. ఈ పరీక్ష హెచ్చరిక వచ్చిన రోజే చేసుకోవాలి. పైపు మీద గడువు దాటిపోతే అప్పుడే మార్చేయండి.

వండేటప్పుడు గాలి కొట్టని వైపు కిటికీ రెండు వేళ్ళంత తెరిచి ఉంచండి. తుపాను కన్ను మీదుగా వెళ్ళినప్పుడు కాసేపు అంతా నిశ్శబ్దమై, తర్వాత గాలి ఎదురు దిక్కునుంచి కొడుతుంది. అలా ఆగినప్పుడే ఆ కిటికీ మూసేసి, అవతలి వైపుది తెరవండి. కుంపటి, బొగ్గులు, జనరేటరు మాత్రం గదిలోపలా వద్దు, అపార్టుమెంటు కారిడారులోనూ వద్దు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇన్వర్టరు మీద ఇండక్షన్ పెడితే టక్కున ఆగిపోయింది

ఇళ్ళల్లో ఉండే 800, 900 వీఏ ఇన్వర్టరు 1,200 నుంచి 2,000 వాట్లు లాగే ఇండక్షన్ పొయ్యిని మోయలేదు. 700 వాట్ల రైస్ కుక్కరు అరగంట నడిస్తే 150 ఏహెచ్ బ్యాటరీలో కనీసం ఐదో వంతు ఖాళీ అవుతుంది. లైట్లకు, ఫోన్లకు దాచుకోండి.

గ్యాసు అయిపోవచ్చింది, రెండో సిలిండరు ఎప్పుడొస్తుందో తెలీదు

బియ్యం అరగంట, కందిపప్పు గంటన్నర నానబెట్టండి. కుక్కరు అడుగున పప్పు, పైన డబ్బాలో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసి ఒకేసారి ఉడికించండి. రెండు విజిళ్ళు రాగానే ఆపేసి, కుక్కరును పాత దుప్పటిలో గట్టిగా చుట్టి 40 నిమిషాలు కదపకుండా ఉంచితే మిగతా ఉడుకు ఆ వేడికే అయిపోతుంది. సెనగలు, రాజ్మా లాంటివి ఇలా ఉడకవు, ఆ రోజులకు పక్కన పెట్టేయండి. చోడిపిండి అంబలి ఐదారు నిమిషాల్లో కాగుతుంది. పొయ్యే వెలిగించకుండా కడుపు నింపేవి అటుకులు: పది నిమిషాలు నానబెట్టి పెరుగు, ఆవకాయ కలపడమే. పుట్నాలు, బెల్లం, మరమరాలు, కందిపొడి ఎప్పుడూ ఉంచుకోండి. నలుగురున్న ఇంటికి అయిదు రోజులకు బియ్యం 6 కిలోలు, కందిపప్పు కిలోన్నర, తాగడానికీ వంటకూ 80 లీటర్ల నీళ్ళు, అంటే నాలుగు 20 లీటర్ల క్యాన్లు కావాలి.

ఆర్వో ఆగిపోయింది, కుళాయి నీళ్ళు బురదగా ఉన్నాయి

కరెంటు లేక పైపుల్లో ఒత్తిడి పడిపోయినప్పుడు, పగుళ్ళున్న చోట మురికి నీరు లోపలికి లాగేస్తుంది. అందుకే సరఫరా మళ్ళీ మొదలైన మొదటి నీళ్ళు అన్నిటికన్నా చెడ్డవి. నీళ్ళను నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టి, తేరనిచ్చి, పెద్ద బుడగలు లేచాక ఒక నిమిషం మరిగించి మూతపెట్టి చల్లార్చండి. గ్యాసు తక్కువగా ఉంటే క్లోరిన్ మాత్రలు వాడండి. మాత్ర మీద రాసిన లీటర్ల లెక్క పాటించి 30 నిమిషాలు ఆగాలి. నీరు మబ్బుగా ఉండగా మాత్ర సరిగా పనిచేయదు, ముందు వడకట్టాల్సిందే.

ట్యాంకులో నీళ్ళు తేటగానే ఉంటే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు చాలు. అది చెంబుడు నీళ్ళలో కలిపి, సున్నం అడుగున దిగాక పైన తేట మాత్రమే ట్యాంకులో పోసి గంట ఆగండి. మన ఊరి చెమ్మకు నిరుడు కొన్న పౌడరులో బలం ఉండదు, కొత్తది కొనండి. జ్ఞానాపురం లాంటి పల్లపు చోట్ల సంపులోకి వరద నీరు దిగితే పౌడరుతో సరిపెట్టకుండా మొత్తం తోడేసి, కడిగి, కొత్తగా నింపాల్సిందే.

సరుకుల డబ్బాల్లోకి నీళ్ళొచ్చాయి

వరద నీరు తగిలిన పిండి, బియ్యం సంచి, మరచుట్టు మూతల సీసాలు, టెట్రా ప్యాకెట్లు పారేయండి. ఆ నీటిలో మురుగు కలిసి ఉంటుంది, మరచుట్టు సందులోంచి లోపలికి దిగుతుంది. సొట్టపడని, ఉబ్బని రేకు డబ్బాల లేబుల్ పీకేసి, సబ్బుతో కడిగి, క్లోరిన్ నీళ్ళలో ముంచి వాడుకోవచ్చు. వాన చెమ్మకు మెత్తబడ్డ అప్పడాలు, వడియాలు మాత్రం ఎండ రాగానే ఎండబెట్టుకోండి, బూజు చుక్క కనిపిస్తే వదిలేయండి.

కరెంటు వచ్చింది, ఫ్రిజ్ కంపు కొడుతోంది

మొదట ప్లగ్గు తీసి ఉంచండి. లైను కొత్తగా కలిపినప్పుడు వోల్టేజీ ఎగిరిపడి కంప్రెసరు కాలిపోవచ్చు, పది పదిహేను నిమిషాలు నిలకడగా ఉన్నాక పెట్టొచ్చు. ఈలోపు అరలన్నీ తీసి సబ్బునీళ్ళతో, తర్వాత లీటరు నీళ్ళకు రెండు చెంచాల వంటసోడాతో తుడవండి. కంపు వదలకపోతే తలుపు రబ్బరు మడతల్లో, వెనకవైపు కింద కరిగిన నీరు చేరే ట్రేలో చూడండి. కరిగిన మాంసం నీరు అక్కడే నిలుస్తుంది, ఆ ట్రేని కడిగేవాళ్ళు తక్కువ. తలుపు తెరిచి ఆరనిచ్చి, ఖాళీగా రెండు మూడు గంటలు నడిపి, లోపల బాగా చల్లబడ్డాకే పాలు పెట్టండి.