సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించడానికి దరఖాస్తు: ఫారం నింపే ముందే కొలతలు తీసుకోండి

బాత్రూంలో నీళ్లు దిగకుండా నిలబడిపోయినప్పుడే చాలామందికి ట్యాంకు గుర్తొస్తుంది. అప్పుడు హడావిడిగా దరఖాస్తు పెడితే ఫారంలో అడిగే సగం వివరాలు మన దగ్గర ఉండవు, ట్యాంకర్ వంతు వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షన్. కాబట్టి ముందు ట్యాంకు సంగతి తెలుసుకోండి, తర్వాత ఫారం పట్టుకోండి.

ట్యాంకులో అడుగున మడ్డి, పైన నూనె జిడ్డుతో తేలే తెట్టు, మధ్యలో కాస్త తేరుకున్న నీళ్లు ఉంటాయి. ఇంకుడు గుంతకి పోవాల్సింది ఆ మధ్య నీళ్లు మాత్రమే. మడ్డి, తెట్టు కలిపి నీటి లోతులో మూడో వంతుకి చేరాయంటే దరఖాస్తు పెట్టే సమయం వచ్చినట్టే. ఇంకా ఆగితే మడ్డి నీళ్లతో పాటు కొట్టుకుపోయి గుంత చుట్టూ ఉన్న మట్టిని పూడ్చేస్తుంది, ట్యాంకుని ఒక్క పూటలో ఖాళీ చేయించొచ్చు గానీ పూడిపోయిన నేలని మళ్లీ నీళ్లు పీల్చేలా చేయడం చాలా కష్టం. ఎన్నేళ్లకోసారి అనేది ట్యాంకు సైజుని, ఇంట్లో మనుషుల సంఖ్యని బట్టి మారుతుంది. మామూలు కుటుంబానికి 3 నుంచి 5 ఏళ్లు, ట్యాంకు చిన్నదైతే అంతకన్నా ముందే.

కొలవడం తేలికే. పొడవాటి కర్రకి కింది సగం దాకా పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి, మూత తీసి కాసేపు గాలి ఆడనిచ్చి, కర్రని మెల్లగా అడుగుకి తగిలేదాకా దించండి. రెండు మూడు నిమిషాలు ఉంచి నిదానంగా పైకి తీస్తే తువ్వాలు మీద మడ్డి పట్టిన మేర నల్లగా, జిగటగా కనిపిస్తుంది, దాని పైభాగం తడిసి బూడిద రంగులో ఉంటుంది. నలుపు ఎంత ఎత్తుందో అదే మీ మడ్డి. నీటి లోతు 60 అంగుళాలు అనుకుంటే మడ్డి 15, తెట్టు 5 ఉన్నా మూడో వంతు అయిపోయినట్టే. ఈ పని ఒక్కరే చేయొద్దు, ట్యాంకులోకి తల వంచొద్దు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక దరఖాస్తు. మీ ప్రాంతంలో మునిసిపాలిటీయో పంచాయతీయో, పారిశుధ్యం చూసే విభాగంలో ఇవ్వాలి. ఆన్‌లైన్ సదుపాయం ఉంటే ఇంటి నుంచే పెట్టొచ్చు. మామూలుగా గుర్తింపు కార్డు, ఇంటి చిరునామాకి ఒక ఆధారం అడుగుతారు, అద్దె ఇల్లయితే యజమాని చేత ఒక అంగీకార పత్రం రాయించుకుని ఉంచుకోండి. ఇవి ఎలాగూ దొరుకుతాయి. ఇబ్బంది పెట్టేవి ట్యాంకు వివరాలే: పొడవు, వెడల్పు, లోతు, లోపల అడ్డుగోడలతో ఎన్ని గదులు ఉన్నాయి, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేశారు, బండి ఆగే చోటు నుంచి మూత దాకా ఎంత దూరం. పొడవు 2 మీటర్లు, వెడల్పు 1, నీటి లోతు 1.5 మీటర్లు అయితే అది 3,000 లీటర్లు, ఏ సైజు ట్యాంకర్ పంపాలో వాళ్లకి తెలిసేది ఈ లెక్కతోనే.

దూరం గడిని ఖాళీగా వదలొద్దు. మొదటిసారి నేను దాన్ని పట్టించుకోలేదు, వచ్చిన బండి పైపు పెరటి దాకా అందక వెనక్కి వెళ్లిపోయింది, మళ్లీ కొత్తగా వంతు కోసం చూడాల్సి వచ్చింది. మలుపులు కూడా కలిపి టేపుతో కొలిచి రాయండి. మూత మట్టి కిందో టైల్స్ కిందో ఉంటే ముందే తవ్వించి పెట్టండి.

దరఖాస్తు ఇచ్చాక నంబరు, ఫీజు కడితే రసీదు తప్పకుండా తీసుకోండి. ప్రైవేటు బండిని పంపిస్తామంటే దానికి అనుమతి ఉందా, మడ్డిని ఎక్కడ దించుతారు అని అడగండి. అది ఏ కాలువలోనో పడితే ఆ నీళ్లు వాడే మరో ఇంటికి జబ్బులు చేరతాయి.

బండి వచ్చిన రోజు ఇంట్లో ఉండండి. ట్యాంకులోని అన్ని గదులూ ఖాళీ చేయించండి, లోపలికి వచ్చే పైపు, బయటికి పోయే పైపు విరిగాయేమో టార్చితో పైనుంచే చూడమనండి. ఎంత చిన్న పనైనా సరే, మనిషిని మాత్రం లోపలికి దించనివ్వకండి. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, రెండు మూడు శ్వాసల్లో మనిషి పడిపోవచ్చు, కాపాడబోయి దిగినవాళ్లూ అలాగే పోతారు. ఎవరైనా పడితే వెంటనే అత్యవసర సేవలకి ఫోన్ చేయండి, మీరు దిగకండి.

పని అయ్యాక బ్యాక్టీరియా పొడులేవీ కొనక్కర్లేదు, రోజూ వెళ్లే మలంతోనే కావలసినవి చేరతాయి. భూగర్భ జలం పైకి ఉన్న చోట ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే పైకి లేచే ప్రమాదం ఉంది, అక్కడ వెంటనే నీళ్లు నింపండి. రసీదు వెనకాల తేదీ, మడ్డి ఎత్తు, మూత ఎక్కడుందో చిన్న బొమ్మ గీసి ఇంటి కాగితాలతో పెట్టుకోండి, వచ్చేసారి ఫారం దాన్ని చూసే నింపొచ్చు.