అమెరికా వచ్చిన కొత్తలో చైనా స్పోర్ట్స్ బైక్ కొనాలనుకునే మన ఓరుగల్లు పిల్లలకు

వరంగల్, కరీంనగర్, జగిత్యాల నుంచి ఎంఎస్ కోసం వచ్చే పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర ఆర్15నో, డ్యూకో, పల్సర్ 220నో నడిపినవాళ్లే. ఇక్కడ రెండు నెలలు రూమ్మేట్ కారు కోసం, యూనివర్సిటీ షటిల్ కోసం ఎదురుచూసి విసిగిపోయాక ఫోన్‌లో బండ్లు వెతకడం మొదలుపెడతారు. ఫుల్ ఫెయిరింగ్ (బండి చుట్టూ ప్లాస్టిక్ తొడుగు), ఏబీఎస్, రంగుల స్క్రీన్ ఉన్న కొత్త బండి నాలుగు వేల డాలర్ల చిల్లరకే కనిపిస్తుంది, పేరు చూస్తే చైనాది. కొనొచ్చా అన్నా అని అడుగుతారు. అవునని కానీ కాదని కానీ ఒక్క ముక్కలో చెప్పలేను, అందుకే ఇదంతా రాస్తున్నా. నేనుండేది టెక్సాస్, కాబట్టి రూల్స్ మాట వచ్చినచోట ఇక్కడివే చెప్తాను, మీ స్టేట్‌వి మీరు అక్కడి డీఎంవీ (మన ఆర్‌టీఏ లాంటి ఆఫీసు) సైట్‌లో చూసుకోండి.

చైనా బండి అనగానే ముక్కు విరిచేవాళ్లు కొంచెం ఆగాలి. మన హైదరాబాద్ కంపెనీ ఆదీశ్వర్ ఆటో రైడ్ ఇండియాలో అమ్మే బెనెల్లీ, కీవే, క్యూజే మోటార్, జోంటెస్ అన్నిటి వెనకా ఉన్నది చైనావాళ్లే. బెనెల్లీ పుట్టింది ఇటలీలో అయినా 2005 నుంచి చియాన్‌జియాంగ్ కంపెనీ చేతిలో ఉంది. సీఎఫ్‌మోటో కూడా 2019లో ఇండియాకు వచ్చింది. కాబట్టి దేశం పేరు చూసి తీసేయక్కర్లేదు, కానీ ఆ ఒక్క పేరు కింద అమెరికాలో అమ్మే బండ్లలో మూడు రకాల క్వాలిటీ ఉందని మాత్రం తెలుసుకోవాలి.

అందరికంటే పైన సీఎఫ్‌మోటో. 1989లో హాంగ్‌జౌలో మొదలైన కంపెనీ, కేటీఎంతో కలిసి పనిచేసింది, అమెరికా అంతటా డీలర్లున్నారు, బండికి రెండేళ్ల వారంటీ ఇస్తుంది. వీళ్ల 300ఎస్ఎస్‌లో 292 సీసీ సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, 29 హార్స్‌పవర్ దాకా ఉంటుంది. 450ఎస్ఎస్ అయితే 449 సీసీ ట్విన్ (రెండు సిలిండర్లు), 50 హార్స్‌పవర్ దగ్గర, ముందు బ్రేకుకి పేరున్న ఇటలీ కంపెనీ బ్రెంబో క్యాలిపర్. సౌండ్ వింటే పెద్ద బండి అనుకుంటారు, రెండు సిలిండర్లూ పేలే వరసను మార్చే 270 డిగ్రీల క్రాంక్ దాంట్లో ఉంది కాబట్టి. రెండో వరసలో లిఫాన్ కేపీఆర్ 200 లాంటివి. 198 సీసీ, లిక్విడ్ కూలింగ్, ఫ్యూయల్ ఇంజెక్షన్, పవర్ ఆర్15 స్థాయిలోనే. ఇక మూడో రకం, డబ్బాలో పెట్టి ఇంటికి పంపేవి. ఆన్‌లైన్‌లో కొంటారు, ట్రక్కు వాడు ఇనప ఫ్రేమ్‌తో సహా అపార్ట్‌మెంట్ ముందు దించిపోతాడు, హ్యాండిల్, ముందు చక్రం, బ్యాటరీ, అద్దాలు మనమే బిగించుకోవాలి. అదే ఫ్యాక్టరీ బండి మూడు నాలుగు పేర్లతో, వేరే స్టిక్కర్లతో దొరుకుతుంది. 250 అని రాసుకున్న ఎయిర్‌కూల్డ్ ఇంజన్లలో కొన్ని నిజానికి 229 సీసీవే.

ఈ మూడో రకం బండి తీసుకునే పనైతే ఇంజన్ మీద చెక్కిన కోడ్ ఫోటో తీసి పెట్టుకోండి. 167ఎఫ్ఎంఎం లాంటిది ఉంటుంది. మొదటి 1 అంటే ఒక సిలిండర్, 67 అంటే బోర్ మిల్లీమీటర్లలో, ఎఫ్ అంటే గాలితో చల్లబడేది. స్టిక్కర్ మీది పేరుతో వెతికితే దొరకని గాస్కెట్, పిస్టన్ ఈ కోడ్‌తో వెతికితే దొరుకుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్లు బండ్లను పోల్చేటప్పుడు హార్స్‌పవర్, టాప్ స్పీడ్, ధర పక్కపక్కన పెట్టి చూస్తారు. వరంగల్‌లో అది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రిపేరు గురించి ఎవరం ఆలోచించం. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఏ సందులో అడిగినా ఒక మెకానిక్ చూపిస్తారు, క్లచ్ కేబుల్ తెగితే మనం చాయ్ తాగేలోపు వేసిస్తాడు, పార్ట్ దొరక్కపోతే రాత్రి బస్సులో హైదరాబాద్ నుంచి తెప్పిస్తాడు, అదీ లేకపోతే ఇంకో బండిదే అరగదీసి సరిపెడతాడు. ఇక్కడ ఆ మనిషి లేడు. షాపులో లేబర్ గంటకు వంద డాలర్లు దాటుతుంది, పైగా చాలా షాపులు చైనా పేరు వినగానే మేం ముట్టుకోం అని ఫోన్ పెట్టేస్తాయి. పార్ట్‌కి రెండు వారాలు పడితే రెండు వారాలూ బండి పార్కింగ్‌లోనే ఉంటుంది. అందుకే ఇక్కడ పోల్చాల్సిన మొదటి విషయం ఇంజన్ కాదు, మీ ఇంటికి ముప్పై నలభై మైళ్లలో ఆ బ్రాండ్ డీలర్ ఉన్నాడా, అతని దగ్గర సర్వీస్ డిపార్ట్‌మెంట్ ఉందా అన్నది. సేల్స్‌వాళ్లను అడగొద్దు, వాళ్లు అన్నిటికీ ఉందనే చెప్తారు. పార్ట్స్ కౌంటర్‌కి ఫోన్ చేసి ఆ మోడల్ బ్రేక్ లివర్, క్లచ్ కేబుల్, కుడివైపు ఫెయిరింగ్ ఎంత, ఎన్ని రోజుల్లో వస్తాయి అని అడగండి. కొత్తలో బండి ఎప్పుడో ఒకసారి ఒరిగి పడుతుంది, అప్పుడు మొదట పోయేవి ఇవే. ఆ ఫోన్‌లో వచ్చిన జవాబును బట్టే 300ఎస్ఎస్ మంచి బండా కాదా అన్నది తేలుతుంది, యూట్యూబ్ రివ్యూలతో కాదు.

ఇక పక్కనున్న పోటీదారుల సంగతి. అదే పైసలకు మూడు నాలుగేళ్లు వాడిన కవాసకి నింజా 400, యమహా ఆర్3 దొరుకుతాయి. నింజా 400 ఇక్కడ 2018 నుంచి 2023 దాకా అమ్మారు, తర్వాత 451 సీసీతో నింజా 500 వచ్చింది. ఆర్3ది 321 సీసీ ట్విన్. రెండూ 40 హార్స్‌పవర్ పైనే, పార్ట్స్ ఎక్కడైనా దొరుకుతాయి, రెండేళ్ల తర్వాత అమ్మితే పెద్దగా తగ్గదు. చైనా బండి అమ్మడానికి పోతే కొన్న ధరలో సగం అడిగేవాళ్లే ఎక్కువ. కేటీఎం ఆర్‌సీ 390 చూస్తే మన పుణె దగ్గరి చాకణ్‌లో బజాజ్ ఫ్యాక్టరీలో తయారైందే. నా లెక్కలో డీలర్ దగ్గర్లో ఉండి, కొత్త బండి వారంటీతోనే కావాలనుకుంటే 300ఎస్ఎస్ కంటే కొంచెం పెట్టుబడి పెంచి 450ఎస్ఎస్ తీసుకోవడం మేలు. డీలర్ దూరమైతే వాడిన నింజా. కేపీఆర్ 200 క్యాంపస్‌కీ గ్రోసరీకీ బాగుంటుంది, స్పానర్ పట్టడం వచ్చినవాడికి. డబ్బా బండి మాత్రం మెకానిక్ పని సరదాగా చేసేవాళ్లకే.

ఎందుకంటే ఇక్కడి రోడ్లు వేరు. హనుమకొండ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్లు పోతే లాంగ్ రైడ్ చేశాం అంటాం. డాలస్ నుంచి ఆస్టిన్ 300 కిలోమీటర్ల పైమాటే, చాలాచోట్ల లిమిట్ 75 మైళ్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. కేపీఆర్ 200 లాంటి 17 హార్స్‌పవర్ బండి ఆ వేగం అందుకోవడానికే ఆయాసపడుతుంది, వెనక పద్దెనిమిది చక్రాల ట్రక్కు వస్తుంటే ఇంక తిప్పడానికి థ్రాటిల్ మిగలదు. లక్నవరం రోడ్డు మీద 60లో పోతూ చెట్లు చూసినట్టు ఇంటర్‌స్టేట్ మీద కుదరదు. మీ కాలేజీకి పోయే దారిలో హైవే తప్పదా, సర్వీస్ రోడ్డు ఉందా అని మ్యాప్‌లో చూసుకుని సీసీ ఎంచుకోండి.

ధర గురించి ఒక్కటే మాట: వెబ్‌సైట్‌లో ఉన్నది మీరు కట్టేది కాదు. దాని మీద ఫ్రైట్, సెటప్, డాక్యుమెంట్ ఫీజు, టెక్సాస్‌లో 6.25 శాతం ట్యాక్స్, టైటిల్, ప్లేట్ ఖర్చు పడతాయి. మొత్తం కలిపితే వెయ్యి డాలర్లు పైన తేలడం మామూలే. "ఔట్ ద డోర్ ఎంత", అంటే అన్నీ కలిపి ఎంత అని అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి, అదే అంకెతో ఇంకో డీలర్ దగ్గరికి పోండి. సుంకాలు మారినప్పుడల్లా చైనా బండ్ల ధరలు కదులుతున్నాయి కాబట్టి పోయినేడాది ఎవరో కొన్న ధర పట్టుకుని వాదించకండి.

ఇన్సూరెన్స్ దగ్గరే మనవాళ్ల నోరు ఎండిపోతుంది. ఇరవై మూడేళ్ల వయసు, ఇక్కడ డ్రైవింగ్ హిస్టరీ లేదు, పైగా స్పోర్ట్స్ మోడల్. బండి ఇంకా కొనకముందే విన్ నంబర్ (మన ఛాసిస్ నంబర్ లాంటిది) అడిగి తీసుకుని రెండు మూడు కంపెనీల్లో కోట్ వేయండి. టెక్సాస్‌లో కనీసం 30/60/25 లయబిలిటీ ఉండాలి, అంటే ఎదుటివాళ్లలో ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, ఒక యాక్సిడెంట్‌లో అందరి గాయాలకూ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. అది మీ బండికి ఏమీ ఇవ్వదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెట్టేవాళ్లు కాంప్రిహెన్సివ్ కూడా తీసుకోండి, దొంగతనం ఒకటి, డాలస్ వైపు వడగళ్లు ఇంకొకటి.

ఇప్పుడు పేపర్లు. ఇక్కడ ఆర్‌సీ బుక్కు పాత్ర టైటిల్‌ది. టైటిల్ మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగుచేసింది) అని ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. లీన్ అని ఉంటే ఇంకా లోను తీరలేదని అర్థం. విన్ నంబర్ ఎల్ అక్షరంతో మొదలైతే చైనాలో తయారైన బండి, అదేం తప్పు కాదు. ఆ నంబర్‌ను నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో సైట్‌లో ఉచితంగా వేసి దొంగబండి రికార్డు ఉందేమో చూడొచ్చు, ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ సైట్‌లో రీకాల్స్ చూడొచ్చు. డబ్బా బండికి టైటిల్ రాదు, ఎంసీఓ అనే ఫ్యాక్టరీ కాగితం వస్తుంది, దాంతో మనమే టైటిల్ చేయించుకోవాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు అసలు కొనే ముందే ఆ స్టేట్ పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి, అది లేని కొత్త బండిని అక్కడ రిజిస్టర్ చేయరు.

మే, డిసెంబర్ నెలల్లో డిగ్రీ అయిపోయి వేరే ఊరికి పోయేవాళ్లు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో బండ్లు అమ్ముతారు. మంచి బేరాలు దొరికేది అప్పుడే, మోసపోయేదీ అప్పుడే. మనోడే కదా, హనుమకొండోడే కదా అని టైటిల్ చూడకుండా పైసలు పంపించేస్తారు. "టైటిల్ పోస్ట్‌లో ఉంది తమ్మీ, వారంలో ఇస్తా" అంటే వారం ఆగి అప్పుడే కొనండి. టైటిల్ మీది పేరు, అమ్మేవాడి లైసెన్స్ మీది పేరు ఒకటేనా చూసి, ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి పోయి టైటిల్ మార్పిడికి ఇచ్చే 130-యు ఫారం అక్కడే ఇచ్చేయండి. అలా పొమ్మంటే మొహమాటం అనిపిస్తుంది, పడండి ఆ మొహమాటం. బండి చూసేటప్పుడు ఇంజన్ ముందే వేడి చేసి పెట్టొద్దని చెప్పండి, చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి. హ్యాండిల్ చివర్లు, లివర్ కొనలు గీరుకుపోయాయా, ముందు ఫోర్క్ మీద ఆయిల్ తడి ఉందా, ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. టైరు పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది.

కొత్త చైనా బండి అయినా తెచ్చిన వారంలో నట్లు బోల్టులు అన్నీ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి, ముఖ్యంగా చెయిన్, బ్రేక్ క్యాలిపర్, హ్యాండిల్ దగ్గర. మొదటి సర్వీస్ 600 మైళ్లకు వస్తుంది, బిల్లు దాచండి, లేకపోతే వారంటీ దగ్గర మాట పడాల్సి వస్తుంది.

లైసెన్స్ విషయం ఇంటి దగ్గరే మొదలుపెట్టొచ్చు. మీ ఇండియా లైసెన్స్‌లో గేర్ బండి క్లాస్ ఉండి, వరంగల్ ఆర్‌టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుంటే ఏడాది చెల్లుతుంది, కానీ దాన్నే నమ్ముకుని ఉండకండి, స్టేట్‌లో నివాసం ఉన్నవాళ్లు అక్కడి లైసెన్స్ తీసుకోవాలి. టెక్సాస్‌లో బండికి క్లాస్ ఎం కావాలి, దానికి ముందు సేఫ్టీ కోర్సు తప్పనిసరి. ఇంట్లో పదేళ్లు నడిపినవాడైనా కోర్సు చేయాలి, చేసి తీరాలి కూడా, ఎందుకంటే మన చేతులకు, కళ్లకు ఎడమ రోడ్డు అలవాటు. లెఫ్ట్ టర్న్ తిరిగాక పరధ్యానంలో ఎదుటి లేన్‌లోకి పోవడం కొత్తవాళ్లు చేసే పనే. కార్ల మధ్యలోంచి దూరి సిగ్నల్ ముందుకు పోవడం కాలిఫోర్నియాలో నడుస్తుంది, టెక్సాస్‌లో టికెట్ రాస్తారు.

హెల్మెట్ ఇంటి నుంచి తేకండి, ఐఎస్ఐ గుర్తు ఇక్కడ చెల్లదు, డాట్ (అమెరికా రవాణా శాఖ) గుర్తు ఉన్నది ఇక్కడే కొనుక్కోండి. రైడింగ్ జాకెట్, ప్యాంటు, గ్లౌజులు మాత్రం తెచ్చుకోండి, మన దగ్గర సగం ధరకే మంచివి వస్తాయి. అమ్మ పెట్టే మామిడికాయ పచ్చడి కిలో తగ్గించి ఆ జాగాలో జాకెట్ పెట్టమంటే ఇంట్లో యుద్ధమే, జాకెట్ వేసుకునే విమానం ఎక్కండి.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. బండి కొని ఫుడ్ డెలివరీ చేసి ఈఎంఐ కడతా అనే లెక్క వేయకండి. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు అది అనుమతి లేని పని, వీసాకే ముప్పు. కిరాయి, ఫీజు, ఇన్సూరెన్స్ కట్టాక చేతిలో మిగిలేదానితో కొనగలిగితేనే కొనండి.

చివరికి ఊరు మారి అమ్మేసేటప్పుడు నంబర్ ప్లేట్ విప్పేసుకోండి, టెక్సాస్ డీఎంవీ సైట్‌లో వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ ముప్పై రోజుల్లోపు నింపండి, ఆ తర్వాతే ఇన్సూరెన్స్ క్యాన్సిల్ చేయండి. అది నింపకపోతే కొత్త ఓనర్ తెచ్చుకునే టోల్ బిల్లులు, టికెట్లు మీ పేరు మీదే వస్తుంటాయి.