ఏడాది గింజలు ఒకేసారి కొనడం ఎలా? లెక్క, ఎంపిక, నిల్వ

సంక్రాంతి వెళ్ళిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్ళకు ఏడాది బియ్యం దిగుతాయి. కొత్త ధాన్యం బజారుకు వచ్చే రోజులు కాబట్టి ధర కాస్త మెత్తబడుతుంది. ఏడాదికి సరిపడా కొనేస్తే మిగులుతుందన్నది నిజమే. కాకపోతే రెండు షరతులున్నాయి: డబ్బు అప్పుది కాకూడదు, ఒక్క బస్తా కూడా పురుగు పాలవకూడదు. ఈ రెండూ కుదరని ఇంటికి నెలకో బస్తా కొనుక్కోవడమే లాభం.

ముందు మీ ఇంటి లెక్క

మనిషికి ఇంత అనే లెక్కలు నమ్మకండి. అన్నం రెండు పూటలా తినే ఇల్లు వేరు, రాత్రి చపాతీ చేసుకునే ఇల్లు వేరు. బస్తా విప్పిన రోజు తేదీని మార్కరుతో దానిమీదే రాయండి, ఖాళీ అయిన రోజు మళ్ళీ రాయండి. మూడు బస్తాలకు ఇలా చేస్తే మీ వాడకం తేలిపోతుంది. 26 కిలోల బస్తా 26 రోజులు వచ్చిందనుకుందాం. రోజుకు కిలో, ఏడాదికి 14 బస్తాలు, అంటే 364 కిలోలు.

ఇక డబ్బు. ఈ ధరలు లెక్క కోసం వేసుకున్నవే, మీ ఊరి ధరలు పెట్టి మళ్ళీ చేసుకోండి. కొత్త బియ్యం కిలో 48 రూపాయలైతే 364 కిలోలకు 17,472. నెలనెలా కొంటే ఏడాది సగటున కిలోకు 4 రూపాయలు ఎక్కువ పడుతుందనుకుంటే, ఒకేసారి కొన్నందుకు మిగిలేది 1,456. అందులో ఒక్క బస్తా పుచ్చి పారబోస్తే 1,248 పోయింది. చేతిలో మిగిలింది 208 రూపాయలు, ఆటో కిరాయికీ హమాలీ కూలికీ చాలదు.

అదే 17,472ను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, అసలును 12 నెలలు సమంగా తీర్చారనుకోండి. మొదటి నెల వడ్డీ 349, తరవాత నెలనెలా తగ్గుతుంది. ఏడాదికి కలిపితే దాదాపు 2,271. మిగులు కన్నా వడ్డీ 815 రూపాయలు ఎక్కువ. చవకగా వస్తున్నాయని అప్పు చేసి గింజలు కొనే ఇంటికి ఏటా ఇదే చిల్లు.

డబ్బు కూడబెట్టే దారి ఒకటుంది. జనవరిలో బ్యాంకులో 12 నెలల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. బియ్యానికి నెలకు 1,500 వేస్తే చాలు. చింతపండు, మినుములు కూడా కలుపుకొంటే 2,000 వెయ్యండి. పోస్టాఫీసు ఆర్.డి. ఐదేళ్ళది, ఈ పనికి పనికిరాదు. జీతం పడిన మర్నాడే కోత పడేలా తేదీ పెట్టుకోండి. దీన్ని వడ్డీ కోసం వేయడం లేదు. జనవరి నాటికి డబ్బు ఇంకో ఖర్చులో కలిసిపోకుండా ఉంటుందని వేస్తున్నాం.

26 కిలోల బస్తా సంగతి

25 కిలోల బస్తా 26 ఎందుకయిందో కొనేవాళ్ళకు తెలియాలి. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జి.ఎస్.టి. పడుతుంది. అది దాటిన బస్తాకూ, విడిగా తూచి ఇచ్చినదానికీ పన్ను లేదు. అందుకే 26 వచ్చింది. కాబట్టి 10 కిలోల సంచుల ధరనూ 26 కిలోల బస్తా ధరనూ ఎప్పుడూ కిలోకు ఎంత అని విడగొట్టి పోల్చండి. బస్తామీద బరువు ఎంత అచ్చయిందో చదివి, దుకాణం కాటా మీద తూయించండి. కాటా సున్నా చూపిస్తోందా, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా అన్నవి కూడా చూసుకోండి.

చుట్టాల దగ్గర ధాన్యం కొని ఆడించుకునేవాళ్ళ లెక్క వేరు. 100 కిలోల ధాన్యానికి 65 కిలోల దాకా బియ్యం వస్తుంది. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఆ ధరకే కొంటే కిలో బియ్యం 36 రూపాయల 45 పైసలు పడుతుంది, దానిమీద ఆడించిన కూలి, కిరాయి అదనం. సన్న రకాలకు బయట ధర వేరుగా ఉంటుంది. తవుడు మీకా, మిల్లుకా అన్నది ధాన్యం దింపకముందే మాట్లాడుకోవాలి. దింపాక మాట చెల్లదు.

బియ్యం చూసే పద్ధతి

స్వర్ణ అయినా, సాంబమసూరి అయినా, రాగోలు పరిశోధన స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు అయినా, 14 బస్తాలు చెప్పే ముందు కిలో తెచ్చి వండి చూడండి. కొత్త బియ్యానికి నీళ్ళు తగ్గించాలి. పాతవాటికి గ్లాసుకు రెండు పోసేవాళ్ళు వీటికి ఒకటిన్నరతో మొదలుపెట్టండి. లేదంటే అన్నం ముద్దయిపోతుంది, బియ్యం బాగోలేదని పొరబడతారు. అందుకే కొత్తవి దిగేనాటికి పాత బస్తాలు రెండు మిగిలేలా చూసుకుంటే, అవి అయ్యేలోగా కొత్తవి కొంచెం పాతబడతాయి.

తేమ చూడటానికి మిషను అక్కర్లేదు. పిడికెడు ఉప్పు బాణలిలో వేయించి చల్లార్చండి. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు బియ్యం, రెండు చెంచాల ఆ ఉప్పు వేసి, మూత పెట్టి రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపండి. కాసేపు కదపకుండా ఉంచి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుందంటే తేమ 15 శాతం దాటినట్టే, ఆ బియ్యం వానాకాలం దాకా ఆగవు. అంటుకోకుండా అడుక్కు జారితే కొనొచ్చు. ఇంకో పరీక్ష పంటితో: నాలుగు గింజలు కొరికితే టక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే వద్దు.

నిల్వ

బియ్యాన్ని ఎండలో పొయ్యకండి. ఎండకు గింజ పగిలి నూకవుతుంది. నీడలో, గాలి ఆడేచోట ఒక పూట ఆరబోస్తే చాలు. పప్పు ధాన్యాలకు మాత్రం ఎండ కావాలి, ఆ సంగతి కింద చెబుతాం.

పూర్వం గాదెలూ పురులూ ఉండేవి, వాటిలో ఉన్నది ధాన్యం. పొట్టు గింజకు కవచం, ఆడించిన బియ్యానికి ఆ కవచం లేదు. కాబట్టి కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము గాని, లోపల మందపాటి పాలిథిన్ సంచి ఉన్న గోతాం గాని వాడండి. మూతి మెలిపెట్టి, మడిచి, తాడుతో బిగించండి. నేల నుంచి జానెడు ఎత్తున చెక్కబల్ల వేసి, గోడకు చెయ్యి దూరేంత ఎడంగా పేర్చండి. గోడకు ఆనించిన బస్తా పక్కభాగం ఆషాఢం వచ్చేసరికి చెమ్మగిల్లుతుంది, పురుగు అక్కడే మొదలవుతుంది. బస్తాలకు నంబర్లు వేసి ముందు కొన్నది ముందు విప్పండి. వాడుతున్న డబ్బాలో పాత బియ్యం మిగిలి ఉండగా పైన కొత్తవి పొయ్యకండి, పాతవాటి పురుగు కొత్తవాటికి ఎక్కుతుంది.

ఎండిన వేపాకు, వసకొమ్ము, ఎండుమిరపకాయలు బట్టలో మూటకట్టి డబ్బాలో వెయ్యడం వాడుకలో ఉంది, తప్పులేదు. అవి తేమకు మందు కావు. బోరిక్ పొడి తినే బియ్యానికి కలపొద్దు. గోదాముల్లో పెట్టే పురుగు బిళ్ళలు ఇంట్లోకి అసలు తేవద్దు. అవి గాలిలోని తేమకు విషవాయువు వదులుతాయి, ఆ గదిలో పడుకున్నవాళ్ళ ప్రాణం పోతుంది. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా ఒప్పుకోకండి.

ముక్కుపురుగు గుడ్డు నుంచి పెద్ద పురుగయ్యేందుకు సుమారు నెల. అందుకే 15 రోజులకోసారి ప్రతి బస్తా మూతి దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. లోపల వెచ్చగా తగిలినా, అరచేతికి పిండి అంటినా ఆ బస్తా ఆ రోజే విప్పండి. నీడలో పలచగా పరిస్తే పురుగులు అంచులకు పాకుతాయి. జల్లించి, చెరిగి, ఆ బస్తానే ముందు వాడేయండి.

మినుములు, చింతపండు, చోళ్ళు (రాగులు)

వరి కోసిన మళ్ళలో వేసిన అపరాలు (పప్పు ధాన్యాలు) ఫాల్గుణం, చైత్రాల్లో చేతికొస్తాయి. మినుములు కొనేటప్పుడు గింజ మీద తెల్లటి చుక్కలున్నాయేమో చూడండి, అవి పురుగు గుడ్లు. చుక్కలున్న బస్తా చవకగా ఇచ్చినా వద్దు. రెండు రోజులు ఎండబెట్టి, రాత్రంతా చల్లార్చి, మర్నాడు డబ్బాకెత్తాలి. వేడిమీద మూతపెడితే లోపల చెమటపట్టి బూజొస్తుంది. కిలోకు ఒక చెంచా ఆముదం అరచేతులతో గింజగింజకూ పట్టిస్తే పురుగు గుడ్డు పెట్టడం తగ్గుతుంది, నానబోసేముందు కడిగితే పోతుంది.

చింతపండు మాఘం నుంచి ఏజెన్సీ సంతల నుంచి దిగుతుంది. పిక్కతో ఉన్నది చవకలా కనిపిస్తుంది. కిలో తెచ్చి పిక్క, ఈనె తీసి తూచండి. 600 గ్రాములు మిగిలితే, కిలో 90కి కొన్నది అసలుకు 150 పడ్డట్టు. పిక్క తీసినది 150కి దొరికితే మీ శ్రమ మిగులుతుంది. ఒక రోజు ఎండబెట్టి, కిలోకు 50 గ్రాముల కల్లుప్పు కలిపి, జాడీలో గాలి లేకుండా కుక్కండి. స్టీలు, ఇత్తడి గిన్నెలు వద్దు, పులుపు తినేస్తుంది. రోజులు గడిచేకొద్దీ నల్లబడితే పాడైనట్టు కాదు. చారులో ఉప్పు మాత్రం చూసి వెయ్యండి.

చోళ్ళు అన్నిటికన్నా సులువు, ఆరినవి ఏడాది పైగా నిక్షేపంగా ఉంటాయి. పిండి మాత్రం అంబలికి నెలకు సరిపడా పట్టించండి.

నూనె, రవ్వలు, జీడిపప్పు, బెల్లం ఏడాదికి కొనొద్దు. మొదటి మూడూ ముక్కిపోతాయి, బెల్లం వానల్లో కారిపోతుంది.

సెప్టెంబరు నెలాఖరున ఒకసారి అన్నీ దింపి చూడండి. మన తీరానికి పెద్ద తుపానులు అక్టోబరులోనే వచ్చాయి: 2014లో హుద్‌హుద్ 12న, 2018లో తిత్లీ 11న. ఇంట్లోకి నీరు చేరే వీధి అయితే బస్తాలు బల్ల మీద నుంచి మంచం ఎత్తుకో, మేడ మీద గదికో మార్చండి. కరెంటు లేక మిల్లులూ దుకాణాలూ మూసిన రోజుల్లో పనికొచ్చేలా రెండు బస్తాలు విప్పకుండా ఉంచండి.