పాత నోటు చేతికొస్తే ముందు నంబరు చదవండి

కందుకూరులో మా అమ్మమ్మ ట్రంకుపెట్టె ఖాళీ చేస్తుంటే అడుగున పరిచిన కాగితం కింద రెండు రూపాయల నోట్లు పద్నాలుగు దొరికాయి, వెనక ఆర్యభట్ట ఉపగ్రహం బొమ్మ ఉండేవి. సంగతి తెలిసి పక్కింటి పెదనాన్న వచ్చి "అబ్బయ్యా, వీటికి లక్షలిస్తారంట గదా" అన్నాడు. లక్షల మాట పక్కన పెట్టి, ముందు నోటు మీద ఏముందో చదవడం నేర్చుకోండి. నంబరు సగమే చదివి అమ్ముకున్నవాళ్లనీ, అసలు చదవకుండానే పాడుచేసుకున్నవాళ్లనీ చాలామందిని చూశాను.

చేతులు కడుక్కొని బాగా ఆరనిచ్చి, నోటును అంచుల దగ్గర పట్టుకొని, పగటి వెలుతురులో చూడండి. నంబరులో రెండు భాగాలుంటాయి. ముందు వచ్చే అక్షరాలూ అంకెలూ కలిసిన ముక్కను ప్రిఫిక్స్ అంటారు, దాని తర్వాత ఆరు అంకెలు. చాలామంది ఆరు అంకెలే రాసుకొని ప్రిఫిక్స్ వదిలేస్తారు, అది పేరు రాసి ఇంటిపేరు వదిలేసినట్టు. అవే ఆరు అంకెలు ప్రతి ప్రిఫిక్స్ కిందా మళ్లీ వస్తాయి కాబట్టి రెండూ కలిస్తేనే మీ నోటు మీ నోటవుతుంది. గాంధీ బొమ్మ నోట్ల ప్రిఫిక్స్‌లో ఇంగ్లీషు ఐ, ఓ అక్షరాలు వాడరు, అందుకని గుండ్రంగా కనబడితే సున్నా అని రాసుకోండి. నంబరు దగ్గరే విడిగా ఒక అక్షరం కనబడవచ్చు, దాన్ని ఇన్‌సెట్ అంటారు, కొన్ని నోట్లకు ఉండదు. ఉంటే ఏ అక్షరమో, లేకపోతే లేదనీ రాయాల్సిందే. నంబరు రెండు చోట్ల అచ్చయిన నోటైతే రెండూ ఒకటేనా అని అంకె అంకె సరిచూడండి, తేడా ఉంటే అది అచ్చు తప్పు, సేకరించేవాళ్లు అలాంటివాటి కోసం వెతుకుతుంటారు.

తర్వాత సంతకం. రూపాయి నోటు భారత ప్రభుత్వానిది, దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం, సంవత్సరం రెండూ ఉంటాయి. మిగతావి రిజర్వ్ బ్యాంకువి, గవర్నర్ సంతకం ఉంటుంది. మన్మోహన్ సింగ్ ఆ రెండు పదవులూ చేశారు కాబట్టి రూపాయి నోటు మీదా, 1982-85 మధ్య ఆయన గవర్నర్‌గా ఉన్నప్పటి నోట్ల మీదా ఆయన సంతకం దొరుకుతుంది. రంగరాజన్ సంతకమైతే 1992-97 కాలం, తర్వాత ఆయనే మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చారు. మన కడప జిల్లా వై.వి. రెడ్డి గారిది 2003-08, ఆయన తర్వాత దువ్వూరి సుబ్బారావు గారు. నోటు వెనక అచ్చు సంవత్సరం వేయడం 2005లో మొదలైంది, అందుకని వై.వి. రెడ్డి సంతకం ఉండి వెనక సంవత్సరం లేకపోతే అది ఆయన తొలి రోజుల నోటు. ఇలాంటి చిన్న లెక్క తేలినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

ప్రిఫిక్స్‌కీ అంకెలకీ మధ్య నక్షత్రం కనబడితే నకిలీ అని భయపడొద్దు. అచ్చులో పాడైన నోటు స్థానంలో పెట్టిన నోటు అది, 2006 నుంచి పది, ఇరవై, యాభై నోట్లలో మొదలైంది, బజారులో మామూలుగానే చెల్లుతుంది.

ఇక ఫ్యాన్సీ నంబర్లు. నెల్లూరులో రొట్టెల పండుగ రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర 786 నోటును కళ్లకద్దుకొని పర్సులో పెట్టుకునేవాళ్లను చూశాను, ఆ భక్తికి వెల కట్టలేం. అమ్మకం సంగతి మాత్రం లెక్క వేసి చూడండి. ఆరు అంకెల్లో ఎక్కడో ఒకచోట 786 వరసగా వచ్చే నోట్లు ఒక్కో ప్రిఫిక్స్ కింద 3999 ఉంటాయి. ఎటునుంచి చదివినా ఒకటే అయ్యేవి, 123321 లాంటివి, 999. ఆరూ ఒకే అంకెగా ఉండేవి తొమ్మిదే. 000001 ఒక్కటే. అరుదు అంటే ఏమిటో ఈ లెక్క చెబుతుంది, ప్రకటనలు చెప్పవు. వరస నంబర్లలో నోట్లు దొరికితే విడదీయకండి, మా అమ్మమ్మ నోట్లలో ఆరు అలా వరసగా ఉన్నాయి.

నోటును మాత్రం ఏమీ చేయకండి. ఉతకడం, ఇస్త్రీ చేయడం, సెల్లోటేపు వేయడం అస్సలు వద్దు. చాలా ఏళ్ల కిందట ఒంగోల్లో ఒక జిరాక్స్ షాపులో నేనొక ఐదు రూపాయల ట్రాక్టరు నోటును లామినేషన్ చేయించాను, మళ్లీ ఊడదీసే దారి లేదు, ఇప్పటికీ అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పాత నోట్లకు ఎడమపక్క చిన్న చిల్లులుంటాయి, బ్యాంకుల్లో కట్టలకు పిన్నులు కొట్టేవాళ్లు, 2001లో రిజర్వ్ బ్యాంకు వద్దన్నాక మానేశారు. ఆ చిల్లులు చూసి దిగులు పడకండి.

మనది సముద్రం పక్క ఊళ్లు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలూ తుపానులూ, బీరువాలో కూడా చెమ్మ చేరుతుంది. మెత్తటి పీవీసీ కవర్లు జిగురు పడతాయి, పాలిస్టర్ కవర్లు కొనండి. నోట్ల పక్కన కలరా ఉండలు వేయొద్దు. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం చాలు, అప్పుడప్పుడు మార్చండి. ఒక నోటుపుస్తకంలో విలువ, ప్రిఫిక్స్, నంబరు, ఇన్‌సెట్, సంతకం, సంవత్సరం, ఎవరి దగ్గర దొరికిందీ రాసి పెట్టుకోండి.

అమ్మాలనుకుంటే కనీసం ఇద్దరు ముగ్గురు డీలర్లకు చూపించి ధర మాట్లాడండి, ఫొటో పంపేటప్పుడు చివరి రెండు అంకెలు మూసేయండి. రిజిస్ట్రేషన్ ఫీజనో, కమిషననో ముందే డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి. తన పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. 2016లో రద్దయిన పాత 500, 1000 నోట్లు మాత్రం 2017 చట్టం ప్రకారం మొత్తం కలిపి పదికి మించి ఉంచుకోకూడదు, అధ్యయనానికీ సేకరణకూ అయితే ఇరవై ఐదు వరకు.